ఎలుకలు రాలిన గడి

మొయినాబాద్ నుంచి చిల్కూరు వైపు పోయే బండ్లబాటలో, ఉస్మాన్‌సాగర్ నీళ్లు కనిపించే మిట్ట మీద నాలుగు మొండిగోడలు ఉన్నాయి. మా ఊరివాళ్లు ఆ పాత దొరల మేడను ఇప్పటికీ గడి అనే అంటారు. దొర బుచ్చిరెడ్డి తండ్రి కట్టించాడు. టేకు దూలాలు ఎక్కడో గోదావరి ఒడ్డు అడవుల నుంచి బండ్ల మీద వచ్చాయట. సున్నం గానుగ తిప్పి తిప్పి ఎడ్లు కూలబడితే మనుషులను కట్టి తిప్పించారట. చెరువు కట్టినప్పుడు దొరవారి పొలాల్లో సగం నీళ్ల కింద పోయాయి. అయినా ఆ ఇంటి దర్వాజ ముందు చెప్పులేసుకుని నడిచినవాడు లేడు.

ఆ ఇల్లు ఎందుకు పాడుబడిందని అడిగితే ఊళ్లో తలా ఒక కథ చెబుతారు. శాపం అంటారు, చెరువు కీడు తగిలిందంటారు. నేను చెప్పేది ఆ ఇంట్లో ధాన్యపుగది ఊడ్చిన నీలమ్మ కథ. ఆమె నాకు పెద్దమ్మ వరుస. ముసలితనంలో ఆమె నోటితోనే విన్నాను. 

నీలమ్మ పుట్టిల్లు చేవెళ్ల. అనంతయ్యను పెళ్లి చేసుకుని మా ఊరికి కాపురానికి వచ్చిన మూడో రోజే అత్త ఆమె చేతికి చీపురిచ్చి గడికి పంపింది. ఇంటికొక మనిషి గడిలో వెట్టి చెయ్యాలి. అత్తకు నడుము వంగదు కాబట్టి కోడలు వెళ్లాలి. తల ఎత్తొద్దు, అడిగితే తప్ప నోరు తెరవొద్దు అని చెప్పి పంపింది అత్త.

నీలమ్మ అసలే పిరికిది. ఉరుము ఉరిమితే గంప కింద దూరే పిల్ల. గడిలో ఆమె ఎంత భయపడి తిరిగిందంటే, నాలుగేళ్ల పాటు దొర ముఖమే చూడలేదు. ఆయన కాళ్లే ఆమెకు తెలుసు. ఎడమ బొటనవేలి గోరు నల్లగా చచ్చిపోయి ఉండేది. నేల మీద ఆ గోరు కనబడగానే చీపురు వెనక్కి దాచి గోడకు అతుక్కుపోయేది.

ఆ ఇంట్లో ఆమెకు భయం వెయ్యని మనిషి ఒక్కతే, దొర కూతురు సుగుణ. పద్నాలుగేళ్ల పిల్ల, ఒక్కతే సంతానం. పొద్దున్నే ధాన్యపుగది గడప మీద కూర్చుని, "నీలమ్మా, చేవెళ్ల సంతల ఏమేం ఉంటయే? గాజులోళ్లు వస్తరా? ఎడ్లు కొట్లాడుకుంటయా?" అని అడిగేది. గడి గోడ దాటి సంతకు ఎన్నడూ పోని పిల్ల. నీలమ్మ ఊడుస్తూనే మెల్లగా చెప్పేది. ఆ కాసేపే ఆమె గుండె మామూలుగా కొట్టుకునేది.

1936 మాఘమాసంలో సుగుణకు లగ్గం కుదిరింది. శంకరపల్లి దగ్గరి సంబంధం. అంతకు ముందు రెండు సంబంధాలు వచ్చి తప్పిపోయాయి. భూములు నీళ్లపాలైన ఇల్లని వెనక్కి పోయారని చెప్పుకునేవారు. ఈసారి అలా కాకూడదని దొర ఇంటికి కొత్తగా సున్నం వేయించాడు. పసుపు దంచడానికి, బియ్యం చెరగడానికి ఊళ్లోని ఆడవాళ్లందరినీ పిలిపించాడు. వాళ్లలో నీలమ్మ పక్కింటి రామమ్మ కూడా ఉంది. మొగుడు పోయిన మనిషి, ఇద్దరు చిన్న కొడుకులు. నీలమ్మకు బిడ్డ బాలమణి పుట్టినప్పుడు బొడ్డు కోసింది రామమ్మే.

లగ్గం ఇంకా పదిరోజులు ఉందనగా, పొద్దున్నే నీలమ్మ ధాన్యపుగది తలుపు తీసింది. గాదె పక్కన ఒక ఎలుక తాగినట్టు తూలుతూ గుండ్రంగా తిరుగుతోంది. ఆమెను చూసినా పారిపోలేదు. చీపురు ముందరే వెల్లకిలా పడి కాళ్లు తన్నుకుని చచ్చింది. చుట్టూ చూస్తే గోడ వెంట ఇంకా ఆరు. ఒక్కదానికీ పిల్లి కాటు లేదు.

 నీలమ్మ చిన్నతనంలో చేవెళ్లలో ఇలాగే ఎలుకలు రాలాయి. మూడోనాడు ఊరు ఊరంతా ఇళ్లకు తాళాలేసి చేన్లలో గుడిసెలు వేసుకుంది. ఆలస్యంగా కదిలిన ఆమె మేనమామ చంకలో గడ్డ లేచి రెండురోజుల్లో పోయాడు. అది ప్లేగు. ఎలుక రాలితే ఊరు వదలాలని ఆ రోజుల్లో పాలు తాగే పిల్లకు తప్ప అందరికీ తెలుసు.

దొరసానికి చెప్పాలని ఆమె తిరిగేసరికి గడప మీద నల్లగోరు కనిపించింది.

"ఏందది?"

"ఎలుకలు, దొరా."

"ఎన్ని?"

"ఏడు."

నల్లగోరు గడప మీది నుంచి కదల్లేదు. నీలమ్మ మొదటిసారి తల ఎత్తింది. దొర పెదవులు తెల్లబడి ఉన్నాయి. ఆయన కూడా భయపడుతున్నాడు. "కోపంగ ఉన్నడనుకున్న బిడ్డా, కోపమైతే నాకు అలవాటే," అని నాతో చెప్పింది పెద్దమ్మ. "దొరకు సుత భయమైతదని తెలిసినంక ఇగ దిక్కెవరనిపించింది."

"లగ్గం పదిరోజులున్నది," అన్నాడు దొర గొంతు తగ్గించి. "ఎలుక రాలిందన్న మాట దర్వాజ దాటితే పెండ్లివారు రారు. ఇది తప్పితే నా బిడ్డకు ఇగ సంబంధం లేదు. సమజైందా?"

"అయింది దొరా."

"దొరసానికి సుత చెప్పొద్దు. నోరు ఇప్పినవంటే నీ మొగడు ఈ దర్వాజల నడిచి వస్తడు, నలుగురు మోసుకపోతరు."

ఏడు ఎలుకలనూ గోనెసంచిలో వేసి పెరట్లో పెంటకుప్ప కింద పూడ్చింది నీలమ్మ. మర్నాడు పదకొండు. ఆ మర్నాడు లెక్కపెట్టలేదు. అవతల పందిరి కింద ఆడవాళ్లు పాటలు పాడుతూ పసుపు దంచుతున్నారు. రామమ్మ కొడుకులు గడి వాకిట్లో బియ్యపు నూకలు ఏరుకు తింటున్నారు. వాళ్ల వైపు చూడాలంటేనే నీలమ్మకు భయమేసేది.

ఇంట్లో కంచం పక్కన పెట్టేసింది. అనంతయ్య ఏమైందని అడిగితే తలనొప్పంది. ఆయనకు చెబితే ఆయన ఊరుకోడు, ఊరుకోకపోతే దొర ఊరుకోడు. అలా అని మూడేళ్ల బాలమణిని ఆ ఊళ్లో ఉంచలేదు. నాలుగోనాడు చేవెళ్ల సంతకు పోయే బండి చూసుకుని బిడ్డను చంకనేసుకుంది. మా అవ్వకు పానం బాగలేదట, పొద్దుమూకి వస్తా అని గడిలో చెప్పుకుంది.

బండెక్కుతుంటే రామమ్మ తన వాకిట్లోంచి చూసింది.

"ఏమే నీలా, గడిల లగ్గం పెట్టుకొని పిల్లనేసుకొని ఎటు?"

"మా అవ్వకు పానం బాగలేదట అక్కా."

"ఎవరు చెప్పిండ్రు?"

నీలమ్మ బిడ్డను బండిలో సర్దింది. రామమ్మ చిన్నకొడుకు బండి వెనక పలక పట్టుకుని వేలాడుతూ, నేనూ వస్తానని మారాం చేస్తున్నాడు. "నీ పిల్లలను తీస్కొని నువ్వు సుత ఎటన్న పో అక్కా." చెప్పాల్సింది అంతే. ఆ మాట పెదవుల దాకా వచ్చింది. అంతలో గడి కావలికారు అటుగా వస్తూ కనిపించాడు. ఆయన ఆమె కోసమే వస్తున్నాడో లేదో కూడా తెలియదు. నీలమ్మ మాట మింగేసింది. రామమ్మ కొడుకు చెయ్యి పట్టి లాక్కుంది. బండి కదిలింది.

బిడ్డను తల్లి దగ్గర దింపి, చెప్పినట్టే సాయంత్రం పొద్దుమూకేసరికి తిరిగొచ్చింది నీలమ్మ. రాకపోతే దొరకు అనుమానం వస్తుంది.

లగ్గానికి ముందురోజు పొద్దున మంగళస్నానానికి పిలిస్తే సుగుణ లేవలేకపోయింది. ఒళ్లు కాలిపోతోంది. గజ్జల్లో నిమ్మకాయంత గడ్డ. దొరసాని శకుంతలమ్మ పెట్టిన కేక పందిరి కింద ఆడవాళ్లందరికీ వినబడింది. అదే పూట రామమ్మ పెద్దకొడుక్కూ గడ్డ లేచింది. మధ్యాహ్నానికల్లా ఊరు ఖాళీ అయింది. కుండలు, కోళ్లు, ముసలివాళ్లను మోసుకుని జనం చెరువు వైపు చేన్లలోకి పరుగెత్తారు. గడివాళ్లు మామిడితోటలో డేరాలు వేసుకున్నారు. సర్కారు డాక్టరు వచ్చి సూదులు వేసేసరికి ఆలస్యమైపోయింది. మా ఊళ్లో పదిహేడు మంది పోయారు. సుగుణ నాలుగోనాడు పోయింది. రామమ్మ కొడుకులు ఒకరి వెనక ఒకరు రెండురోజుల తేడాతో పోయారు.

పదిహేడు మంది పోయాక ఊరికి ఒక జవాబు కావాల్సి వచ్చింది. ప్లేగు ఎక్కడినుంచి వచ్చింది? మామిడితోటలో పటేల్ హన్మయ్య అందరినీ కూర్చోబెట్టాడు. దొరే మాట ఎత్తాడు.

"రామమ్మ లగ్గానికి ముందు మొయినాబాద్‌ల తమ్ముని ఇంటికి పోయొచ్చింది. గాడికెల్లి మోసుకచ్చి నా ఇంట్ల పెట్టింది. నా బిడ్డను తిన్నది."

రామమ్మ అప్పుడు ఏడ్చే స్థితిలో కూడా లేదు. కూర్చున్నవాళ్ల ముఖాలన్నీ ఒక్కొక్కటే చూసింది. ఆ చూపు నీలమ్మ దగ్గర ఆగింది. నీలమ్మ నేల చూసింది. అనంతయ్య పక్కనే ఉన్నాడు, దొర మనుషులు కర్రలతో వెనకే ఉన్నారు. ఊరు విడిచి పొమ్మని హన్మయ్య తీర్పు చెప్పాడు. కొడుకులను పూడ్చిన మట్టి ఇంకా తడి ఆరకముందే రామమ్మ ఒక మూట పట్టుకుని మొయినాబాద్ బాట పట్టింది. ఆమె గుడిసెకు నిప్పు పెట్టారు.

గడి పతనం అక్కడ మొదలైంది. వానలు పడ్డాక దొర ఇంటిని వేపాకు పొగ వేయించి తిరిగి వచ్చాడు గానీ నిలవలేకపోయాడు. ధాన్యపుగది తలుపు దగ్గర నిలబడి వెనక్కి తిరిగి పోతుండటం నీలమ్మ ఎన్నోసార్లు చూసింది.  ఏడాది తిరక్కుండా దొర పట్నం వెళ్లిపోయి, 1941లో అక్కడే పోయాడు. పాలివాళ్లు పొలాలు పంచుకున్నారు. గడి మాత్రం ఎవరికీ వద్దు. ప్లేగు ఇల్లు, ఎవరు పడుకుంటారు?

శకుంతలమ్మ ఒక్కతే తిరిగి వచ్చింది. బిడ్డ తిరిగిన ఇల్లు అదే గదా అంది. కింది అంతస్తులో ఒక గది బాగుచేయించుకుని నీలమ్మకు కబురు పెట్టింది. అప్పటికి వెట్టికి పిలిచే మనుషులు లేరు, కర్రలూ లేవు. నీలమ్మ రానని అనొచ్చు. కానీ రానంటే ఎందుకు రావని అడుగుతుంది. ఆ ప్రశ్నకు భయపడి వెళ్లింది.

ఏడేళ్లు. రోజూ పొద్దున వెళ్లి నీళ్లు తోడి, వంట చేసి, సాయంత్రానికి ఇంటికి వచ్చేది. దొరసాని సుగుణ పెళ్లిచీరలు ఎండలో ఆరేయించి మడతపెట్టించేది. ప్రతిసారీ అదే మాట అనేది. "రామి నా ఇల్లు ముంచింది నీలమ్మా. దానికి నేనేం చేసిన్నే? రెండు పూటల అన్నం పెడితి గదా." నీలమ్మ చీర అంచులు కలుపుతూ తల వంచుకునేది. ఒక్కోసారి దొరసాని కళ్లలోకి చూస్తే తన ముఖం మీదే అంతా రాసి ఉన్నట్టు అనిపించేది. అప్పుడు ఏదో పని ఉందని పెరట్లోకి పోయేది.

దానికి తోడు ఇల్లు కూడా నిలవనన్నది. 1944 వానలకు మేడ మీది హాలు కప్పు కూలింది. గోడల్లో రావిమొలకలు లేచాయి. తలుపు గట్టిగా వేస్తే పెచ్చులు రాలేవి. ఇల్లు మీద పడుతుందేమోనని వెళ్లిన ప్రతిరోజూ భయం. వెళ్లని రోజు ఇంకా భయం, ఈరోజు దొరసానికి ఎవరైనా చెప్పేశారేమోనని. చెప్పడానికి తానొక్కతే మిగిలిందన్న సంగతి కూడా మరిచిపోయేది.

1948 భాద్రపదం. పట్నం మీదికి సైన్యం వస్తోందని ఒక మాట, రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారని ఒక మాట, ఏది నిజమో తెలియదు. ఒక పొద్దున జనం మళ్లీ మూటలు కట్టుకున్నారు. చిల్కూరు గుట్టల వైపు పోతున్నారు. పదిహేనేళ్ల బాలమణిని తీసుకుని అనంతయ్య బయల్దేరాడు.

"దొరసానిని తోలుకొని వస్త," అంది నీలమ్మ.

"నీకు దిమాక్ ఉన్నదా? ఆమె నీకేమైతది?"

ఏమవుతుందో ఆమెకూ తెలియదు. పరుగెత్తుకుంటూ గడికి పోయింది.

శకుంతలమ్మ మంచం మీద కదలకుండా కూర్చుంది. "నేను రాను. నా బిడ్డ ఈడనే పుట్టి పెరిగింది. నేనూ ఈడనే పోత. ఒక్కటే కోరిక మిగిలింది. ఆ రామి మొఖాన ఉమ్మిసి సావాలె."

అప్పుడే చెరువు మీదుగా విమానాలు వచ్చాయి. అంత చప్పుడు ఆ ఊరు ఎన్నడూ వినలేదు. గోడలు అదిరాయి, పైనుంచి సున్నం పెళ్లలు పడ్డాయి, పక్కగదిలో దూలమొకటి విరిగి కూలింది. నీలమ్మ దొరసాని మంచం కోడు పట్టుకుని నేలకు అతుక్కుపోయింది. ఇక బతకను అనుకుంది. చచ్చిపోతే ఈ మాట కూడా తనతోనే పోతుంది అనుకుంది. ఆ భయం పాత భయాన్ని తోసేసింది.

"రామమ్మ తేలేదు దొరసానీ!" అని అరిచింది. "ఎలుకలు మన ధాన్యపుగదిల రాలినయ్. లగ్గానికి పదిరోజుల ముందే. నేనే పూడ్చిన. దొరకు ఎరుకే. చెప్పొద్దన్నడు. నేను చెప్పలె."

విమానాల మోత దూరమైంది. దుమ్ము మెల్లగా దిగింది.

"ఎన్ని?" అంది శకుంతలమ్మ.

"మొదటినాడు ఏడు."

"గప్పుడు నేనెక్కడున్న?"

"మేడ మీద. సుగుణమ్మ చీరలు చూస్తున్నరు."

"పిలిస్తే ఇనబడుతుండెనా?"

"ఇనబడుతుండె దొరసానీ."

"పిలువలె."

"పిలువలె."

కొడుతుందనుకుంది నీలమ్మ. దొరసాని కొట్టలేదు.  చెప్పులు లేకుండానే లేచి, "రామమ్మ ఎక్కడుంటదో నీకు ఎరుకేనా?" అంది. తెలుసు. పన్నెండేళ్లుగా మొయినాబాద్ పోయినప్పుడల్లా ఆ వాడను తప్పించుకుని చుట్టూ తిరిగిపోయింది గదా.

నాలుగురోజులకు గడబిడ చల్లారి బాట తెరిచాక ఇద్దరూ బండి కట్టించుకుని వెళ్లారు. రామమ్మ రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని జొన్నపేలాలు వేయించి అమ్ముకుంటోంది. జుట్టు మొత్తం నెరిసింది. దొరసానిని చూసి లేవలేదు. శకుంతలమ్మ ఆ పొయ్యి బూడిదలోనే కూర్చుని రెండు చేతులూ జోడించింది. జరిగింది చెప్పింది.

రామమ్మ పేలాల మూకుడు ఇసుకలో గరిటె తిప్పడం ఆపలేదు. చివరికి నీలమ్మ వైపు చూసింది.

"నాకు ఎరుకే. నువ్వు పిల్లనేసుకొని బండెక్కిన నాడు సమజ్ కాలె. పెద్దోనికి గడ్డ లేసిన నాడు సమజైంది."

నీలమ్మ, "మరి తోటల ఎందుకు చెప్పలె అక్కా?" అంది.

"ఎవనికి చెప్పాలె? దొరకా?" గరిటె పక్కన పెట్టింది రామమ్మ. "నాకు నీ దండాలు వద్దు, ఆమె దండాలు వద్దు. గా మాట ఊరందరి ముంగట చెప్పు. నేనొచ్చి వింట."

బతుకంతా భయపడ్డాను గానీ ఆ తర్వాతి మూడురోజుల్లో పడ్డంతగా ఎన్నడూ భయపడలేదని చెప్పేది పెద్దమ్మ. అనంతయ్యకు ముందుగా చెప్పింది. ఆయన విని, లేచి, పొలానికి పోయాడు. చావడి ముందు ఊరు కూడిన రోజున ఆయన ఒక మూల ఒంటరిగా నిలబడ్డాడు. రామమ్మ బండి దిగి, పన్నెండేళ్ల తర్వాత ఆ నేల మీద కాలు పెట్టింది. తన గుడిసె ఉన్న చోటు వైపు చూడలేదు.

నీలమ్మ లేచి నిలబడింది.  మొదటి మాటలు ముందు వరసకే వినబడ్డాయి. ఎవరో గట్టిగా చెప్పమన్నారు. చెప్పింది. ఎలుకలు, గోనెసంచి, దొర మాట, బిడ్డను చేవెళ్లకు చేర్చింది, రామమ్మకు చెప్పకుండా మింగింది, ఏదీ వదలకుండా చెప్పింది. వింటున్న ఆడవాళ్లలో ఒకామె గుండెలు బాదుకుంది. ప్లేగులో తండ్రి పోయిన బాలమల్లు, "మా బాపును నువ్వే సంపినవ్!" అంటూ చెయ్యెత్తి మీదికొచ్చాడు.

"కొట్టకు," అంది రామమ్మ. కూర్చున్న చోటు నుంచే, గొంతు పెంచకుండా. "ఆమె నోరు మూసినోడు సచ్చిండు. నన్ను ఎల్లగొట్టినోళ్లు బతికే ఉన్నరు. ఈడనే కూసున్నరు. ఆళ్లను కొడుతవా?"

బాలమల్లు చెయ్యి దించాడు. పటేల్ హన్మయ్య కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇల్లు కట్టిస్తామని, తిరిగి రమ్మని ఎవరో అన్నారు. రామమ్మ బండెక్కింది.

శకుంతలమ్మ ఆ నెలలోనే పట్నంలో తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది. పోతూ, గడిలో ఎవరికి ఏది కావాలంటే అది పట్టుకుపోమంది. మొదట ఎవరూ ముట్టలేదు. ఒకరు ధైర్యం చేసి తలుపు ఊడదీశాక అందరూ వచ్చారు. దూలాలు, కిటికీలు, బండలు అన్నీ ఊళ్లోకి నడిచాయి. కప్పులేని గోడలు మరుసటి ఏటి వానలకు కరిగాయి. నీలమ్మ తన ఇంటికి మాత్రం అక్కడి పుల్ల కూడా తీసుకురాలేదు. అనంతయ్య ఆమెతో మాట్లాడటానికి ఆరు నెలలు పట్టింది.

మరుసటి ఏడు పంట చేతికొచ్చాక నీలమ్మ ఒక కుంచెడు కొత్తజొన్నలు మూట కట్టుకుని మొయినాబాద్ పోయింది. పోతుంటే కాళ్లు వెనక్కి లాగాయట. రామమ్మ మూట తీసుకుంది. లోపలికి రమ్మనలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టింది. నీలమ్మ తాగి, కాసేపు కూర్చుని, వచ్చేసింది. ఆ పైయేడూ అంతే. మూడో ఏట రామమ్మ పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండానే, "బాలమణికి పిల్లలా?" అని అడిగింది.

"ఒక ఆడపిల్ల అక్కా," అంది నీలమ్మ.

రామమ్మ తల ఊపి, పేలాలు వేయించడంలో పడింది.